నెల్లూరు కుర్రాళ్ల పనితనం

2020లో ‘సరిలేరు నీకెవ్వరు’ ఫైటును నెల్లూరు కుర్రాళ్లు సెల్‌ఫోనుతో మళ్లీ తీశారు. ఊరంతా చూసి మెచ్చుకుంది. తర్వాత ‘వకీల్ సాబ్’ ఫైటూ తీశారు. వాళ్ల పనంటే నాకు ఎంతో గౌరవం.

అసలు సీనును ఎక్కడికక్కడ ఆపి చూస్తే తప్ప అలా తీయలేరు. కెమెరా నేలబారున ఉందా, భుజం వెనక ఉందా? దెబ్బ ఏ వైపు నుంచి వచ్చింది? కట్ ఎక్కడ పడింది? గుద్దు ముఖం పక్కనుంచి పోతుంది. తగిలినట్టు కనబడేది కెమెరా పెట్టిన చోటును బట్టి. దెబ్బ తినేవాడు సరిగ్గా అప్పుడే తల విసరాలి. కాస్త ఆలస్యమైతే షాటు మళ్లీ మొదటికి. నన్నడిగితే కొట్టేవాడికన్నా పడేవాడిదే పెద్ద విద్య.

మా పల్నాటి దుర్గి ఊరి శిల్పులు పాత విగ్రహాన్ని చూస్తూ కొత్తది చెక్కినట్టే ఇదీ. చెయ్యి తిరిగేది అలాగే.

ఇలా సినిమా మొత్తాన్నీ మళ్లీ తీసినవాళ్లూ ఉన్నారు. ‘స్టార్ వార్స్’ను 15 సెకన్ల చొప్పున 473 ముక్కలు చేసి అభిమానులు పంచుకున్నారు. ఎవరి ముక్క వాళ్లు తీసి పంపితే, అన్నీ అతికి సినిమా అయింది. 2010లో దానికి ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది.

మనకూ 1966 నాటి ‘పల్నాటి యుద్ధం’ సినిమా ఉంది. కారంపూడి, మాచర్ల, గురజాల, దుర్గి పిల్లలు ఊరికో సీను పంచుకుని దాన్ని మళ్లీ తీస్తే చూడాలని ఉంది. అందులో భానుమతి వేసిన నాగమ్మ వేషం ఏ ఊరి అమ్మాయికి దక్కుతుందో!