ముందు బోర్డు, తర్వాతే ప్రాసెసర్లు

1999లో అబిట్ సంస్థ విడుదల చేసిన బీపీ6 మదర్‌బోర్డు, ఇంట్లో సొంతంగా కంప్యూటర్లు బిగించుకునేవాళ్లలో పెద్ద ఉత్సాహం నింపింది. అప్పటిదాకా రెండు ప్రాసెసర్ల యంత్రమంటే ఆఫీసులో సర్వరో, ఖరీదైన వర్క్‌స్టేషనో. బీపీ6 మీద మాత్రం ఇంటెల్ చవక రకం సెలెరాన్లు రెండు పక్కపక్కనే పెట్టుకోవచ్చు.

సెలెరాన్‌ను జంటగా వాడటానికని ఇంటెల్ అమ్మలేదు. అయితే ఒకే బస్సును, అంటే డేటా నడిచే దారిని, రెండు ప్రాసెసర్లు పంచుకునేటప్పుడు వంతు అడిగే సిగ్నల్ చిప్పులో ఉండనే ఉంది. కార్ట్రిడ్జ్ రకం సెలెరాన్లలో దాన్ని బయటికి కలపలేదంతే. ఔత్సాహికులు ఆ కార్డుకు డ్రిల్లుతో సన్నని రంధ్రం వేసి, తీగ టంకం పెట్టి కలిపారు. బీపీ6 వచ్చాక ఆ కలిపే పని బోర్డే చేసిపెట్టింది.

రెండు ప్రాసెసర్లను జతచేసే ఈ విద్యలో మొదటి పాఠం అక్కడే ఉంది: ప్రాసెసర్‌లో దాగిన సత్తా బయటికి రావాలంటే బోర్డు దారి ఇవ్వాలి.

రెండో పాఠం జత కుదర్చడం. ఒకే మోడల్ అయితే సరిపోదు. స్టెప్పింగ్ (చిప్పు డిజైన్ సవరణ), బస్ వేగం, వోల్టేజీ కూడా కలవాలి. ఇంటెల్ చిప్పుల మీద ‘ఎస్‌ఎల్’తో మొదలయ్యే చిన్న కోడ్ చూసి ఇవన్నీ పోల్చుకునేవారు. 366 మెగాహెర్ట్జ్ సెలెరాన్‌కు బస్ వేగాన్ని హెచ్చించే గుణకం 5.5 దగ్గర లాక్ అయి ఉండేది. బస్సును 66 నుంచి 100కు పెంచితే అదే చిప్పు 550 దగ్గర పరుగెత్తేది. రెండింటిలో ఒకటి తట్టుకోలేకపోయినా మొత్తం యంత్రం తడబడేది. జంటలో బలహీనమైనది ఎంత తట్టుకుంటే, రెండోదాని వేగమూ అంతే.

ఇంత చేసినా విండోస్ 98లో రెండో ప్రాసెసర్ ఖాళీగా కూర్చునేది. విండోస్ ఎన్‌టీ 4.0, విండోస్ 2000, లినక్స్ లాంటివైతే ఇద్దరికీ పని పంచేవి. పంచడానికీ హద్దుంది. ఒక పనిలో 80 శాతమే విడగొట్టగలిగితే, రెండు ప్రాసెసర్లతో వేగం సుమారు 1.67 రెట్లే అవుతుంది. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన సూత్రమిది. వీడియో ఎన్‌కోడింగ్, త్రీడీ రెండరింగ్, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగ్, వర్చువల్ మెషీన్లు బాగా విడిపోతాయి. మామూలు ఆఫీసు పనికి రెండో సాకెట్ దండగ.

ఈ పాఠాలు ఇప్పటికీ చెల్లుతాయి. డేటా సెంటర్లు తీసేసిన ఇంటెల్ జియాన్ ఈ5 ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. పేరులో మొదటి అంకె ఎన్ని సాకెట్లకు పనికొస్తుందో చెబుతుంది: 1600 వరస ఒంటరిది, 2600 వరస జంటకు, 4600 వరస నలుగురికి. వీ1, వీ2 తరాలు ఎల్‌జీఏ 2011 సాకెట్‌లో కూర్చుంటాయి, వీ1 కాలపు బోర్డులో వీ2కి బయోస్ అప్‌డేట్ కావాలి. వీ3 నుంచి సాకెట్ మారిపోయింది.

బోర్డు కొనే ముందు మాన్యువల్‌లోని బ్లాక్ డయాగ్రమ్ తెరవండి. ప్రతి ప్రాసెసర్‌కూ సొంత మెమరీ స్లాట్లు కనిపిస్తాయి. ర్యామ్ అంతా ఒకవైపే నింపితే రెండోది ప్రతిసారీ పక్కింటి గుమ్మం తొక్కాల్సిందే. కొన్ని పీసీఐఈ స్లాట్లు రెండో ప్రాసెసర్‌కే కలిసి ఉంటాయి. అది లేకపోతే వాటిలో పెట్టిన కార్డు పలకదు. కూలర్ బిగించే రంధ్రాలు చదరమా, సన్నని రకమా చూడాలి. ఎస్‌ఎస్‌ఐ ఈఈబీ సైజు బోర్డు ఒకవైపు 12 అంగుళాలు, మరోవైపు 13 అంగుళాలు ఉంటుంది. మామూలు క్యాబినెట్‌లో పట్టదు. పవర్ సప్లైకి ఎనిమిది పిన్నుల సీపీయూ కనెక్టర్లు రెండుండాలి. పాత బోర్డయితే కెపాసిటర్ల పైభాగం చదునుగా ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. ఉబ్బినా, కారినా ఎంత చవకైనా వద్దు.

2019లో ఏఎండీ రైజెన్ 3950ఎక్స్‌తో మామూలు బోర్డు మీదికే 16 కోర్లు వచ్చాయి. కేవలం వేగం కావాలంటే అలాంటి ఒక్క చిప్పే మేలు. కరెంటు బిల్లూ తగ్గుతుంది, మోతా తగ్గుతుంది. ఎక్కువ ర్యామ్, ఎక్కువ కార్డులు కావాల్సినవాళ్లకే రెండు సాకెట్లు. ఆ తేడా తేల్చుకునే తెలివి జత కుదర్చి చూసినవాళ్లకు వస్తుంది. మెమరీ ఎక్కడుంది, పని ఎవరి దగ్గర ఆగుతోంది అని అడగడం అలవాటైన పిల్లలు రేపు ఏ పెద్ద సర్వర్ ముందు కూర్చున్నా బెదరరు. అందుకే కంప్యూటర్ మీద మనసున్న ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా ఇలాంటి యంత్రాన్ని సొంత చేతులతో బిగించాలని నా కోరిక.