అరువు చెవులు

వర్చువల్ రియాలిటీ దృశ్యానికి ధ్వనిని కూర్చేవారికి కుడియెడమల లెక్క అంత కష్టమైనది కాదు. కుడివైపు శబ్దం ఎడమ చెవిని మహా అయితే 0.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, తల అడ్డుపడటం వల్ల కొంత తగ్గిన తీవ్రతతోనూ చేరుతుంది. లార్డ్ రేలీ 1907లో వివరించిన ఈ రెండు భేదాలను హెడ్‌ఫోన్లలో పుట్టిస్తే చాలు.

చిక్కంతా ముందువెనుకల దగ్గర, ఎత్తు దగ్గర ఉంది. ఎదుట మోగిన గంట, నడినెత్తిన మోగిన గంట, వీపు వెనుక మోగిన గంట రెండు చెవులనూ ఒకేసారి చేరతాయి కనుక, అక్కడ దిశను తేల్చవలసినది చెవిడొప్ప. దాని మడతలు శబ్దం వచ్చిన దిక్కును బట్టి కొన్ని పౌనఃపున్యాల (సెకనుకు జరిగే కంపనాల సంఖ్యల) శబ్దాలను హెచ్చించి మరికొన్నిటిని అణచివేస్తాయి. తల, భుజాలు, చెవిడొప్పలు కలిసి తెచ్చే ఈ మార్పును ప్రతి దిశకూ కొలిచి రాసుకున్న పట్టికనే హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. అది మనిషి మనిషికీ వేరైనా, అందరి చెవులనూ కొలవడం సాధ్యం కాదు కనుక, 1994లో ఎంఐటీలో కెమార్ అనే బొమ్మ తలపై తీసిన కొలతల వంటివే అందరికీ సరిపెడుతుంటారు. అరువు చెవులతో వినే శ్రోతకు ఎదుటి మాట వెనుక నుంచి వచ్చినట్టో, తన తలలోనే మోగినట్టో తోచడంలో వింత లేదు. చెవిడొప్పల్లో అచ్చులు అమర్చి ఆకారం మార్చినా మెదడు కొన్ని వారాల్లో సర్దుకుంటుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 1998లో చూపిన మాట నిజమే కాని, హెడ్‌సెట్‌ను అరగంట ధరించే వారి నుంచి అంత సాధన ఆశించడం అత్యాశ.

అలాగని ప్రతి చెవినీ కొలవడమే మొదటి పని అనుకోవడం తొందరపాటు. తలను కుడికి తిప్పితే ఎదుటి శబ్దం ఎడమ చెవికి, వెనుకటి శబ్దం కుడి చెవికి ముందుగా అందుతుంది; ఈ చిన్న కదలికే ముందువెనుకల సందేహం తీరుస్తుందని హాన్స్ వాలక్ 1940లోనే నిరూపించాడు. తల కదలికను హెడ్‌సెట్ ఎలాగూ పసిగడుతుంది కనుక, ధ్వని దానిని వెంటనే అనుసరించడమే కావాలి. రెండవది గది. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది గాని, గోడలకు తగిలి గదంతా నిండే ప్రతిధ్వని దాదాపు అలాగే ఉంటుంది. ఈ రెండింటి నిష్పత్తితోనే చెవి దూరాన్ని అంచనా కడుతుంది, శబ్దం తల బయటికి వస్తుంది. చెవి మడతలపై ఇంత శ్రద్ధ పెట్టేచోటనే, పాత్ర పడకగది నుంచి ఆరుబయటికి నడిచినా ప్రతిధ్వని మారని దృశ్యాలు ఎలా ఆమోదం పొందుతున్నాయో అర్థం కాని విషయం.