పార్టు మార్చే ముందు

పాత కారు పనులు సొంతంగా చేసుకుంటున్నానంటే అందరూ ముందు అడిగేది ఒక్కటే, కూలి ఎంత మిగులుతుందని. నిజానికి కూలి పెద్ద లెక్క కాదు. మా విజయవాడ ఆటోనగర్‌లో మారుతీ 800 పని తెలిసిన మేస్త్రీలకు కొదవ లేదు, వాళ్ళు అడిగేదీ న్యాయంగానే ఉంటుంది. పాత బండి దగ్గర చేతి చమురు వదిలేది అంచనాకు కొన్న సామాను వల్ల. స్టార్ట్ కావడం లేదా, బ్యాటరీ మార్చు. అయినా కాలేదా, సెల్ఫ్ మోటారు మార్చు. మిస్సింగ్ కొడుతోందా, ప్లగ్గులు మార్చు, వైర్లు మార్చు, కార్బురేటర్ మార్చు. ఇలా మారుస్తూ పోతే ఎక్కడో ఒకచోట బాగవుతుంది. అంతకుముందు తీసి పారేసినవన్నీ బాగా ఉన్నవే. వాటి బిల్లు మాత్రం మనమే కట్టాలి.

అందుకే నా మటుకు నాకు సొంత రిపేరు అంటే పానా పట్టడం కంటే ముందు, చూడటం. తీరిగ్గా, ఒక్కోటీ కొలుచుకుంటూ చూడటం. షెడ్డులో మేస్త్రీకి అంత తీరిక ఉండదు, ఆయన వెనక ఇంకో నాలుగు బండ్లు వరసలో ఉంటాయి. ఆదివారం పొద్దున మనకు ఉంటుంది.

మా ఇంట్లో ఉన్నది 1999 నాటి మారుతీ 800. నాన్న కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్, నాలుగు గేర్లు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ మోడల్ తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. కాలుష్య నిబంధనల వల్ల హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 2010లోనే అమ్మకాలు ఆపేశారు. అయినా ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో దీని సామాను అడిగితే లేదనే కొట్టు అరుదు. పని నేర్చుకోవాలనుకునేవాడికి ఇంతకంటే మంచి బండి మన రోడ్ల మీద లేదని నా గట్టి నమ్మకం. బోనెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చెయ్యి పట్టే చోటుంటుంది. ఏ పైపు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో కంటికి కనిపిస్తుంది.

చూడటం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక రోజు పొద్దున తాళం తిప్పితే టక్కుమని ఒక్క శబ్దం, అంతే. ఇంజన్ తిరగలేదు. హెడ్‌లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి. అపార్ట్‌మెంట్‌లో అటుగా వెళ్తున్నవాళ్ళందరూ బ్యాటరీ పోయిందన్నారు. కొత్త బ్యాటరీ అంటే మూడు వేల పైమాటే. మల్టీమీటర్ పెట్టి చూశాను, 12.5 వోల్టులు చూపించింది. పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ ఏ లోడూ లేనప్పుడు 12.6 చూపించాలి. అంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని కాదు, దాని కరెంటు సెల్ఫ్ మోటారు దాకా చేరుతోందా అన్నది. రెండు హెడ్‌లైట్లకు పది ఆంపియర్లు చాలు. సెల్ఫ్ మోటారు లాగేది వంద పైనే. ఫ్యాను తిరిగే వైరు మీద బోరు మోటారు తిరగదు కదా, ఇదీ అంతే. దారిలో ఎక్కడ చిలుము పట్టినా లైట్లు వెలుగుతాయి, ఇంజన్ మాత్రం కదలదు.

అదెక్కడో పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ దిమ్మె మీద, రెండోది ఇంజన్ లోహం మీద ఆనించి, ఇంట్లో ఒకరిని సెల్ఫ్ కొట్టమనాలి. ఎర్త్ బాగుంటే మీటరు సున్నాకు దగ్గర్లో ఉంటుంది. అర వోల్టు దాటిందంటే ఆ వైరులోనో దాని కొసల్లోనో అడ్డుందన్నమాట. మా ఆవిడ తాళం తిప్పింది, మీటరు వోల్టు దాటింది. ఇంజన్‌కు బిగించిన ఎర్త్ వైరు కొస విప్పి చూస్తే బోల్టు కింద నల్లటి పొర. ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, కొంచెం గ్రీజు రాసి బిగించాను. మొదటి తిప్పుకే ఇంజన్ అందుకుంది. ఖర్చయింది ఎమరీ పేపరు ముక్క. ఇంకో మాట, బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయాలి, పెట్టేటప్పుడు చివర పెట్టాలి. పాజిటివ్ విప్పుతున్న పానా పొరపాటున బాడీకి తగిలితే అప్పుడు నిప్పులు లేవవు.

ప్లగ్గుల సంగతి ఇంకా ఇష్టమైనది నాకు. పదివేల కిలోమీటర్లకు మార్చేసే సామానుగా చూస్తారు చాలామంది. నేనైతే ఇంజన్ నాడి దొరికేది అక్కడేనంటాను. చల్లారిన ఇంజన్ నుంచి మూడూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టుకుని, పాత న్యూస్‌పేపర్ మీద వరసగా పెట్టి చూడాలి. కొస లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే అంతా సవ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, చోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదా చూడాలి. ఆయిల్ జిడ్డుతో తడిగా ఉంటే రింగుల వైపో వాల్వు సీళ్ళ వైపో అనుమానం. మరీ తెల్లగా మాడినట్టుంటే మిశ్రమం పలచబడింది, ఎక్కడో గాలి లాగుతోంది. మూడింటిలో ఒక్కటే తేడాగా ఉంటే వెతకాల్సింది ఆ ఒక్క సిలిండర్‌లోనే. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి పనిచేయకపోతే నాలుగో వంతు శక్తి పోతుంది, మా బండిలో మూడో వంతు పోతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే తెలిసిపోతుంది.

తిరిగి పెట్టేటప్పుడు ప్లగ్గును మొదటి మరలు చేత్తోనే తిప్పాలి. హెడ్డు అల్యూమినియం. పానాతో మొదలుపెడితే మర అడ్డంగా పడినా తెలియదు, తర్వాత హెడ్డు దించాల్సిన పని తయారవుతుంది. మా మేస్త్రీ ఎప్పుడూ అంటుంటాడు: "బలంతో ఏం పని సార్, మర తనంతట తను పోతుందా లేదా అన్నది వేళ్ళకు తెలియాలి."

ఈమధ్య ప్లగ్గులు చూసేటప్పుడు ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాల్సి వస్తోంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్ల సామాను దీన్ని తట్టుకునేలా చేశారు. 1999లో మా బండి తయారైనప్పుడు ఈ ఊసే లేదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో మిశ్రమం కొంచెం పలచబడుతుంది. కొత్త బండ్లలో సెన్సర్ దాన్ని కనిపెట్టి సరిచేస్తుంది, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ప్లగ్గులు మునుపటికంటే తెల్లగా కనిపిస్తే తప్పు ప్లగ్గులది కాదు.

మిశ్రమం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది రబ్బరు. పాత పెట్రోలు పైపులు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, పెళుసెక్కుతాయి, పగుళ్ళిస్తాయి. టార్చి వేసి, కార్బురేటర్‌కు వచ్చే పైపును క్లిప్పు దగ్గర మెల్లగా వంచి చూడండి. సన్నటి గీతలు కనిపించినా, వేలికి మెత్తగా జిగురుగా తగిలినా ఇక ఆలోచించొద్దు. బోనెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తుంటే అసలే ఆగొద్దు. కొట్లో ఏదో ఒక నల్ల పైపు అడక్కుండా, ఎస్ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్నది అడగండి. మామూలు దానికంటే ఖరీదే, అయినా కావాల్సింది మీటరు, రెండు మీటర్లే. పాత బండి తగలబడిందన్న వార్త చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ పైపే. చూడకుండానే మార్చేయమని నేను చెప్పే సామాను ఏదన్నా ఉందంటే ఇదొక్కటే.

డబ్బు తక్కువున్నప్పుడు వరస ముఖ్యం. ఆగడానికి పనికొచ్చేవి ముందు, నడవడానికి పనికొచ్చేవి తర్వాత, కంటికి ఇంపుగా ఉండేవి ఆఖరున. సీటు కవర్లు, పెయింటు కొన్నేళ్ళు ఆగినా నష్టం లేదు. బ్రేకులు ఆగవు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగొచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి ఇదీ ఒక కారణం. రెండేళ్ళకోసారి మార్చుకుంటే చాలు, సీసా ఖరీదు పెద్దదేం కాదు. వెనక డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి ధూళిని నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. నీళ్ళు చిలకరించి తడిగుడ్డతో తుడవాలి. షెడ్లలో కుర్రాళ్ళు ఆ ధూళి మధ్యే రోజంతా కూర్చుంటారు, చూస్తే మనసు పిండేస్తుంది.

టైరు విషయంలో గాడి లోతు చూసి సరిపెట్టుకుంటారు. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. పాత కారు తక్కువ తిరుగుతుంది కాబట్టి గాడి అరగకముందే రబ్బరు ముసలిదైపోతుంది. వానలో అది పట్టు చూపించదు. పాత సామాన్ల కొట్లో నేను కళ్ళు మూసుకుని కొనేవి డోర్ అద్దం, అద్దం ఎక్కించే మిషను, హ్యాండిల్, ఇనప రిమ్ము లాంటివి. టైర్లు, బెల్టులు, బేరింగులు, బ్రేకు సామాను, ఇంకా రబ్బరుతో చేసింది ఏదైనా సరే, కొత్తదే.

పనిముట్లకు మొదట్లోనే వేలు పోయనక్కర్లేదు. ఇది జపాన్ వంగడం కాబట్టి 10, 12, 14, 17 నంబరు రింగు పానాలుంటే సగం బండి విప్పొచ్చు. ప్లగ్ పానా, ఫీలర్ గేజి, మల్టీమీటరు, మంచి టార్చి. తక్కువ రకం పానా నట్టు మూలలు తినేస్తుంది, అక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు. విప్పే ముందు ఫోనులో ఫొటో తీసుకుంటాను. విప్పిన బోల్టులు వంటింట్లోంచి రిటైరైన ఇడ్లీ రేకు గుంటల్లో వరసగా పెడతాను, బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావడమే. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కిందకు ఎవరూ దూరొద్దు. ఇటుకల మీద నిలబెట్టడం అంతకంటే ప్రమాదం, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఉక్కు స్టాండ్లు జత కొనుక్కోండి, ఎదుటి చక్రాలకు అడ్డు పెట్టండి, ఇంట్లో ఎవరికైనా చెప్పి కిందకు దిగండి. తీసిన పాత ఇంజన్ ఆయిలును డ్రైనేజీలో పోయకుండా డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చేయాలి. వాళ్ళ దగ్గర పోగుచేసి పట్టుకెళ్ళేవాళ్ళుంటారు.

ఇన్ని చెబుతున్నా మేస్త్రీ అవసరం నాకు తగ్గలేదు. క్లచ్, గేర్‌బాక్స్, టైమింగ్ బెల్టు, స్టీరింగ్ ఆయన చేతి కిందే. తేడా అల్లా ఆయన దగ్గర మాట్లాడే తీరులో వచ్చింది. మునుపు "ఏదో సౌండొస్తోంది, చూడు" అనేవాణ్ణి. ఇప్పుడు ఎంత వేగంలో వస్తోందో, ఎటు తిప్పితే పెరుగుతోందో, ఏం చూశానో, ఏది కాదని తేలిందో నోటుపుస్తకం తెరిచి చెబుతాను. ఆయనా కుర్రాణ్ణి పంపకుండా తనే వచ్చి బోనెట్ కింద వంగుతాడు. ఒక్కోసారి పని అక్కర్లేదని చెప్పి వెనక్కి పంపేస్తాడు. ఆ మాటకు పైసా తీసుకోడు.

పాత బండి ఉంచుకోవడం ఏటికేడు బరువవుతోందన్నది వాస్తవం. సొంత కారుకు 15 ఏళ్ళు నిండాక ప్రతి ఐదేళ్ళకూ ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే కేంద్ర ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. పొగ ఎక్కువ వదిలే బండ్లు తగ్గాలన్నది మంచి ఉద్దేశమే. కానీ సరిగ్గా ట్యూన్ చేసి, తక్కువ తిరిగే చిన్న కారుకూ, పట్టించుకోని బండికీ ఒకే రేటు పెట్టడం నాకు న్యాయంగా తోచదు. పొగ ఎంతో కొలిచి దాన్నిబట్టి వేస్తే బాగుండేది.

మా బండికి వచ్చే పరీక్ష 2029లో. అప్పటిదాకా ఇంజన్ గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా తుప్పు మీద. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు లోంచి నీరు దిగి, మ్యాటు కింద నిలిచి, డ్రైవరు కాళ్ళ దగ్గర రేకును తినేస్తోంది. మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే గట్టి రేకు ఖణేల్‌మంటుంది, తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. ఎక్కడిదాకా తిన్నదో సుద్దతో గీత గీశాను. డోర్ల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిలో మట్టి పేరుకుంటే డోరు లోపలే నీరు నిలుస్తుంది. చీపురు పుల్లతో అవి నేనే తీశాను. రేకు కోసి, కొత్తది వెల్డింగ్ చేసి, రెడ్ ఆక్సైడ్ వేయడం మాత్రం టింకరింగ్ మేస్త్రీ పని, అది ఖరీదైనదే. కొనకుండా ఆగిన బ్యాటరీ డబ్బు, కార్బురేటర్ డబ్బు ఇప్పుడు అక్కడ పనికొస్తున్నాయి. బీడింగు కొత్తది తెచ్చి ఉంచాను. వానలు మొదలయ్యేలోపు బండి ఆటోనగర్‌లో అప్పజెప్పాలి.