మురికివాడల పేదరికం: కొలమానాలపై విమర్శనాత్మక పరిశీలన

పట్టణ పేదరికంపై జరిగే చర్చ ఎక్కువగా దారిద్ర్యరేఖ చుట్టూనే తిరుగుతుంది. 2011-12 సంవత్సరానికి టెండూల్కర్ పద్ధతి ప్రకారం పట్టణాలలో ఆ రేఖ తలసరి నెలకు 1,000 రూపాయలు. 2014లో రంగరాజన్ సంఘం దానిని 1,407 రూపాయలుగా నిర్ణయించింది. రాష్ట్రాల మధ్య ధరల వ్యత్యాసం ఈ లెక్కలలో చేరింది కాని, ఒకే నగరంలోని వాడల మధ్య వ్యత్యాసం చేరలేదు. కుళాయి లేక నీటిని బిందెల లెక్కన, నెల సరుకు తెచ్చుకోలేక నూనెను చిన్న పొట్లాలలో కొనే కుటుంబం అదే పరిమాణానికి ఎక్కువ చెల్లిస్తుంది. లేమి వల్ల పెరిగిన ఆ వ్యయమే ఆ కుటుంబాన్ని రేఖకు పైన చూపుతుంది. ఇది గణనలో దొర్లిన చిన్న లోపం కాదు, వినియోగ వ్యయాన్నే సంక్షేమంగా భావించడంలో ఉన్న లోపం.

ఆస్తుల ఆధారంగా కొలిచే పద్ధతీ సందేహాతీతం కాదు. 2011 జనగణన ప్రకారం మురికివాడల కుటుంబాలలో 90.5 శాతానికి విద్యుత్తు, 69.6 శాతానికి టెలివిజన్ ఉన్నాయి. ఈ అంకెలను చూపి జీవన ప్రమాణాలు మెరుగుపడ్డాయని వాదించేవారు అదే గణనలోని మరో విషయాన్ని విస్మరిస్తారు: 34 శాతం కుటుంబాలకు ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి లేదు. టెలివిజన్‌ను ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు వెంట తీసుకుపోవచ్చు. మరుగుదొడ్డికి స్థలం కావాలి, మురుగుకాలువ కావాలి, ఆ చోటు తమదేనన్న భరోసా కావాలి. సొంత ఇల్లు ఉన్నట్లు నమోదైన 70.2 శాతం కుటుంబాల విషయంలోనూ ఇదే చిక్కు. గణకుడు ఇల్లు సొంతమా, అద్దెదా అని అడిగాడే గాని, నేలకు పట్టా ఉందా అని అడగలేదు. నివాస భద్రతను ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ మురికివాడ నిర్వచనంలోని ఐదు ప్రమాణాలలో ఒకటిగా చేర్చింది. 2012 నాటి హాషిం సంఘం నివాస, వృత్తి, సామాజిక దుర్బలతలను గుర్తించి ఒక అడుగు ముందుకు వేసింది. అయితే ఫ్రిజ్, ద్విచక్ర వాహనం, వాషింగ్ మెషీన్, ల్యాండ్‌లైన్ ఫోన్‌లలో ఏ మూడు ఉన్నా ఆ కుటుంబాన్ని పేదల జాబితా నుంచి తొలగించాలని కూడా అదే సంఘం సూచించింది. ఇంట్లో పాలపొట్లాలు అమ్ముకునే స్త్రీకి ఫ్రిజ్ విలాసమా, పనిముట్టా అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

ఇక మురికివాడ అంటే ఏది? (హైదరాబాదు వాసులు దానిని బస్తీ అంటారు, ‘మురికి’ అన్నది బయటివారి మాట.) జనగణన గుర్తింపుకు కనీసం 60-70 కుటుంబాలో, 300 జనాభానో ఉండాలి, జాతీయ నమూనా సర్వేకు 20 కుటుంబాలు చాలు. భవన నిర్మాణ స్థలంలో వేసుకున్న పది గుడిసెలు ఈ రెండింటికీ చిక్కవు. పది లక్షలకు మించిన జనాభాగల నగరాలలో మురికివాడల కుటుంబాల వాటా 2011లో విశాఖపట్నంలోనే అత్యధికం, 44.1 శాతం, బృహన్ముంబయిలో 41.3. దీనినిబట్టి విశాఖ ముంబయి కంటే పేద నగరమని తేల్చడం తొందరపాటు. అధికారికంగా ప్రకటించిన వాడలు కూడా ఈ గణనలో చేరతాయి కనుక, ఆ అంకెలో లేమితో పాటు ప్రభుత్వ గుర్తింపు పాత్రా ఉంటుంది.

హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాలలో 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మురికివాడలను విడిగా పరిశీలించింది. జనగణన మురికివాడగా గుర్తించిన ప్రాంతాన్ని, క్షేత్ర పర్యవేక్షకుడు స్వయంగా చూసి అలా భావించిన ప్రాంతాన్ని వేర్వేరుగా నమోదు చేసింది. జాబితాలోని వాడ, కంటికి కనిపించే వాడ ఒకటి కాకపోవచ్చునని అంగీకరించిన అరుదైన సర్వే అది.