వెలిగే ప్రోటీన్ల పనితనం

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూశాడు. అక్కడున్నది మలేరియా క్రిమేనని పట్టిచ్చింది అందులోని నల్లటి రేణువులే. వానాకాలంలో భద్రాచలం మన్యాన్ని కుదిపేసిన జ్వరం అది. ఇవాళ ఆ క్రిమిని బతికున్న దోమలోనే చూడొచ్చు. క్రిమి జన్యువుల్లో వెలిగే ప్రోటీన్ జన్యువును చేరుస్తారు. నీలి కాంతి పడగానే క్రిమి పచ్చగా మెరుస్తుంది.

ఆ పచ్చ ప్రోటీన్‌ను 1962లో జెల్లీఫిష్ నుంచి వేరుచేసినవాడు ఒసాము షిమొమురా. దాన్ని పనికొచ్చేలా మలిచినవారిలో శాస్త్రవేత్త రోజర్ చెన్ బృందానిది ముఖ్య పాత్ర. మొత్తం 238 అమైనో ఆమ్లాల్లో 65వ దాన్ని మారిస్తే వెలుగు పెరిగింది. 66వ దాన్ని మారిస్తే నీలమైంది!

ఎరుపు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. పగడాల బంధువు నుంచి తీసిన ఎర్ర ప్రోటీన్ నాలుగేసి అణువుల జట్టుగా ఉండేది, ఏ ప్రోటీన్‌కు తగిలిస్తే దాని పని చెడగొట్టేది. జట్టు విడదీస్తే వెలుగు ఆరిపోయేది. జన్యువులో మార్పులు చేసి, బాక్టీరియాలో పెంచి, ఖమ్మం రైతు విత్తనానికి మిరపపండ్లు ఏరినట్టు, బాగా వెలిగినవాటిని ఏరి మళ్లీ మార్చారు. 33 మార్పుల తర్వాత 2002లో ఒంటరిగా వెలిగే ఎరుపు దక్కింది. ఎంత ఓపిక!

2004లో వచ్చిన ఎంచెర్రీ అనే ఎర్ర ప్రోటీన్ ఇంకా మెరుగు. లేజర్ కాంతికి అంత త్వరగా వెలిసిపోదు. నాలుగేసి అణువుల తొలి ఎరుపుకు గంటలు పట్టిన పని, అంటే తయారై వెలగడం, దీనికి నిమిషాల్లోనే అవుతుంది.