నీళ్లు కనిపించని ఫొటోలు

యాత్రాసాహిత్యం మీద మన విమర్శకులు రాసిన వ్యాసాల్లో ఒక మాట తరచుగా తగులుతుంది. ప్రయాణం మనిషి మనసును విశాలం చేస్తుందట. ఆ మాట పక్కన రెండు ఫొటోలుంటాయి. కాశీ ఘాటు మెట్లు, ఏదో మంచుకొండ, దాని ముందు శాలువా కప్పుకున్న రచయిత. చూసిన పాఠకుడి ఊహకు రెక్కలొస్తాయట. కాదనను. నాకూ ఫొటోలంటే ఇష్టమే, ఊళ్లు తిరగడం అంతకన్నా ఇష్టం. కానీ నాకు కొన్ని ప్రశ్నలున్నాయి. ఆ ఫొటోలోని మనిషికి దారిలో దప్పికైతే నీళ్లెవరు పోసినారు? రాత్రి ఎవరి అరుగు మీద పడుకున్నాడు? పేరడిగి, ఊరడిగి, ఆ తర్వాత మూడో ప్రశ్న ఎవరైనా అడిగినారా?

ఆ మూడో ప్రశ్న ఏమిటో వాడల్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. దానికి ఏనాడూ తడుముకోనివాళ్లు యాత్రాసాహిత్యం రాసినారు. తడుముకోనివాళ్లే దానికి విమర్శ కూడా రాసినారు. అందుకే మన సాహిత్య చరిత్రలో ప్రయాణం అంటే కొండలు, నదులు, గుళ్లు. నీళ్లు తాగడానికి అనుమతి దొరికిందా లేదా అన్నది అందులో చేరలేదు.

తెలుగులో ఈ చరిత్రను ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'తో మొదలుపెడతారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చినాడు. తాను పల్లకీలో, వెంట వందమంది దాకా పరివారం. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ పోయిన సంగతులు 1838లో పుస్తకమైనాయి. గొప్ప పుస్తకమే. కెమెరా సంగతి లోకానికి తెలిసింది 1839లో. అంతకు ముందే ఆయన మాటలతో ఊళ్లకు ఫొటోలు తీసినాడు. మజిలీ మజిలీకి అంగళ్లున్నాయా, దిగడానికి వసతి ఉందా, నీళ్లు మంచివా అని ఓపిగ్గా రాసుకున్నాడు.

మనం ఆగి చదవాల్సింది ఆ నీళ్ల దగ్గరే. ఆయనకు నీళ్లు రుచికి సంబంధించిన విషయం, దూరానికి సంబంధించిన విషయం. మడికి సంబంధించింది కూడా కావచ్చు. కానీ బావి నిండా నీళ్లుండి, పక్కన చేద ఉండి, తాగడానికి మాత్రం లేకపోవడం అన్న కష్టం ఆయన దారిలో ఎదురుకాలేదు. ఇంకొకటి. ఆయన ఎంత దూరం పోయినాడో బోయీలూ అంత దూరం పోయినారు, అదీ ఆయన్ను మోసుకుంటూ. పుస్తకంలో బోయీల ప్రస్తావన ఉంది. బోయీల యాత్ర లేదు. కాశీ చూసినప్పుడు వాళ్లేమనుకున్నారో మనకు ఎప్పటికీ తెలియదు.

అదే కాశీకి నూట పదేళ్ల తర్వాత మనవాడొకడు కబురు పంపినాడు. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. అందులో అరుంధతీ సుతుడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. మనిషికి గుడిలోకి దారి లేదు, గబ్బిలానికి ఉంది. దీన్ని మేఘసందేశం ఫక్కీలో రాసిన కావ్యం అని క్లాసులో పాఠం చెప్తారు. నిజమే. నేను మాత్రం దీన్ని యాత్రాసాహిత్యంలో పెట్టి చదవమంటాను. దారిలో చూడాల్సిన ఊళ్లన్నీ ఆ మనిషికి తెలుసు. ఊహకు కొదవేమీ లేదు. లేనిది కాళ్లకు అనుమతి. పల్లకీలో పోయినవాడి కాశీని, పోలేక గబ్బిలాన్ని పంపినవాడి కాశీని పక్కపక్కన పెట్టి చదివితేనే తెలుగు యాత్రాసాహిత్యం పూర్తవుతుంది.

ఇక పోయినవాడి సంగతి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని అంబేడ్కర్ రాసుకున్న చిన్న పుస్తకం ఉంది. 1930ల నడుమ రాసిన ఆ కాగితాలు 1990లో గానీ అచ్చు కాలేదు. దీన్ని ఆత్మకథ అంటారు. నా లెక్కలో ఇది భారతదేశంలో వచ్చిన యాత్రాచరిత్రల్లో ముఖ్యమైనది. స్వదేశంలో తిరగడానికే వీసా కావాల్సినవాడు రాసిన యాత్రాచరిత్ర.

అందులో మొదటి ప్రయాణం 1901లోది. నాయన ఉద్యోగం చేసే ఊరికి సెలవులకు పోవాలని పిల్లలు సంబరపడతారు. కొత్త కోట్లు, మెరిసే టోపీలు, కొత్త చెప్పులు, పట్టంచు ధోవతులు. ఆ వేషంలో మసూర్ స్టేషన్లో దిగుతారు. ఆ క్షణాన ఎవరైనా ఫొటో తీసుంటే ఎంత ముచ్చటైన ఫొటో అయ్యుండేదో ఆలోచించండి. చూసినవాళ్లు దొరబిడ్డలనుకునేవాళ్లు. స్టేషన్ మాస్టరూ అట్లే అనుకున్నాడు, ఎవరు మీరని అడిగిందాకా. మహర్లమని పిల్లవాడు చెప్పినాడు. ఆయన మొహం మారిపోయింది. బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడవాలి అని ఒప్పందం కుదిరింది. బుట్టలో అన్నం ఉంది, తాగడానికి నీళ్లు లేవు. ముసల్మానులమని చెప్పి అడిగినా సుంకం వసూలుచేసేవాడు నీళ్లివ్వలేదు. అన్నం దగ్గర పెట్టుకుని ఆకలితో పడుకున్నారు. ఫొటోలో కోటు పడుతుంది, టోపీ పడుతుంది. దప్పిక పడదు.

1934 సంగతి చూడండి. ఆ ఏడాది రాజగృహలో తీసిన అంబేడ్కర్ కుటుంబం ఫొటో చాలామంది చూసే ఉంటారు. భార్య రమాబాయి, కొడుకు యశ్వంత్, వదినె, అన్న కొడుకు, కింద కుక్క. పుస్తకాల కోసం కట్టించుకున్న సొంత ఇల్లు. చదువుకున్న, కుదురుకున్న కుటుంబం. సరిగ్గా అదే ఏడాది ఆయన ముప్పైమంది దాకా మిత్రులతో ఎల్లోరా గుహలు చూడటానికి పోతూ దౌలతాబాద్ కోట దగ్గర ఆగినాడు. అప్పటికది నిజాం రాజ్యం, అంటే మన తెలంగాణ ఉన్న రాజ్యమే. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు, కాళ్లు అక్కడి చెరువులో కడుక్కున్నారు. అది రంజాన్ నెల. చెరువు మైలపడిందని ఒక ముసలాయన కేకలేసుకుంటూ వచ్చినాడు, జనం పోగైనారు. ఎక్కడా నీళ్లు ముట్టకూడదన్న షరతు మీద, తుపాకీ పట్టుకున్న సిపాయిని కాపలా పెట్టి లోపలికి పంపినారు. కొలంబియాలో, లండన్లో చదివినవాడు, బారిస్టరు, తన దేశంలో ఒక కోట చూడటానికి పోతే జరిగింది ఇది. ఇంట్లో ఫొటోదీ, కోట దగ్గర పేజీదీ ఒకటే ఏడాది. ఒకటి చూసి ఒకటి చదవనివాడికి అంబేడ్కర్ సగమే తెలుసు.

కెమెరా మన దగ్గరికి రాలేదని కాదు. చాలా ముందే వచ్చింది. 1868 నుంచి 1875 దాకా తెల్లదొరలు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు ఫొటోలతో వేసినారు. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ దక్షిణదేశపు కులాల మీద ఏడు సంపుటాలు వేసినాడు. ముక్కులు, తలలు కొలిచినాడు, ఫొటోలు పెట్టినాడు. చాలా బొమ్మల కింద మనిషి పేరు లేదు, కులం పేరుంది. దొర ప్రయాణం చేసినాడు, మనవాళ్లు దృశ్యమైనారు. ఆ తర్వాత పత్రికలవాళ్లు వచ్చినారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపినాక ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరినవాళ్లదీ ప్రయాణమే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపినాక పల్లె వదిలిపోయినవాళ్లదీ ప్రయాణమే. మనం పత్రికల మొదటి పేజీకి ఎక్కాలంటే శవాలుగానో శిబిరాలుగానో ఎక్కాలి. కాశీ మెట్ల మీద నిలబడి నవ్వుతూ ఎక్కిన ఫొటో నేను చూసింది లేదు.

మా ఇంటి సంగతి చెప్తాను. మాది కర్నూలు జిల్లా పడమటి దిక్కు, మాదిగవాడ. మా ఇంట్లో నేను చిన్నగున్నప్పటి ఫొటో ఒక్కటే ఉంది. ఉరుకుంద ఈరన్న జాతరలో గుడారం స్టూడియోలో దిగింది. అట్టతో చేసిన విమానం, దానికి మూడు కిటికీలు. ఒక దాంట్లో నాయన, ఒక దాంట్లో నేను, ఒక దాంట్లో మాయమ్మ. వెనక పరదా మీద నీలం మేఘాలు. నాయన మొహం ఎంత గంభీరంగా ఉంటుందంటే నిజంగా ఢిల్లీకి పోతున్నాడేమో అనిపిస్తుంది. మాయమ్మ కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది, పడిపోతానేమోనని.

మావాళ్లు నిజంగా చేసిన ప్రయాణం వేరు. ఏటా సంక్రాంతి దాటినాక సుగ్గికి గుంటూరు దిక్కు పోయేవాళ్లు, మిరపకాయలు కొయ్యడానికి. గంపలు, బొచ్చెలు, పిల్లలు అన్నీ లారీలో. చేను గట్టున పట్టా గుడిసె. చేతులు మండి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నీళ్లకు పోతే బిందె ముట్టనిచ్చేవాళ్లు కాదు, పైనుంచి ఎత్తి దోసిట్లో పోసేవాళ్లు. "గుంటూరు చూసినావు గదమ్మా, ఎట్లుంటుంది?" అని ఒకసారి అడిగినా. "గుంటూరు యాడ సూసినాం నాయనా, మిరపచేను సూసినాం" అనింది. అన్నేళ్లు పోయొచ్చిన ప్రయాణానికి ఒక్క ఫొటో లేదు. పోని ప్రయాణానికి మాత్రం విమానంలో ఫొటో ఉంది.

ఆ ఫొటో చూపిస్తే చదువుకున్న మిత్రుడొకాయన నవ్వినాడు. వాస్తవం నుంచి పారిపోవడం అన్నాడు. నేనొప్పుకోను. కూలి డబ్బుల్లోంచి తీసి మానాయన కొనుక్కున్న ఊహ అది. దళితుడి ఫొటో అంటే గాయమే కనిపించాలి, చిరిగిన చొక్కానే కనిపించాలి అనేవాళ్లు థర్‌స్టన్‌కు దూరపు చుట్టాలు. అంబేడ్కర్ దౌలతాబాద్‌కు ఉద్యమం చెయ్యడానికి పోలేదు, కోట చూడటానికి పోయినాడు. వింతలు చూడాలనే కోరిక మనకూ ఉంది. అది కూడా హక్కే. ఆ కోరికకు అడ్డం నిలబడిందేదో అది కూడా చెప్పాలంటున్నాను, అంతే.

నేనిప్పుడు సర్కారు బడిలో పంతుల్ని. 'నేను చేసిన ప్రయాణం' అని వ్యాసం రాయమంటే పిల్లలు గైడులో ఉన్న తిరుపతి యాత్రను దించేస్తారు. ఎన్నడూ ఎక్కని రైలు, చూడని కొండలు. ఏడో తరగతి పిల్ల ఒకతి మాత్రం సుగ్గి రాసింది. లారీ ఎప్పుడు బయల్దేరింది, ఎన్ని కుటుంబాలు, నీళ్ల డ్రమ్ము ఎంత దూరం, తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకున్నారు, అంతా వరసగా. అది చదివిన తోటి టీచరొకరు "ఇది కూలికి పోవడం గదా, ప్రయాణం ఎట్లవుతుంది?" అన్నారు. సాహిత్య విమర్శ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. వీరాస్వామయ్య మజిలీల లెక్క రాస్తే చరిత్ర. ఆ పిల్ల డ్రమ్ము దూరం లెక్క రాస్తే కూలి. ఆ పిల్లకు నేను పదికి పది వేసినా. సంక్రాంతి దాటినాక మళ్లీ ఆ పిల్ల బెంచీ ఖాళీ అయింది. హాజరుపట్టీలో గైరుహాజరు అని రాయాల్సి వచ్చింది.

ఇప్పుడందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి. మన పిల్లలూ హంపీ పోతున్నారు, హైదరాబాద్ పోతున్నారు, సముద్రం ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. దిగనీ, బాగా దిగనీ. కానీ విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తున్నాను. ఫొటో కింద ఊరి పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. గది అడిగితే ఇచ్చినారా, మూడో ప్రశ్న ఎవరడిగినారు, మీరేం జవాబు చెప్పినారు, నీళ్లు ఎవరిచ్చినారు, అవి రాయండి. బాగా చూసుకున్నవాళ్లుంటే వాళ్ల పేరూ రాయండి. ఇంట్లో అమ్మనాయన్ల దగ్గర కూర్చుని వాళ్లు సుగ్గికి పోయిన దారులు అడిగి రాసుకోండి, వాళ్లుండగానే. ఫొటో లేదని ఆగొద్దు. అంబేడ్కర్ దగ్గర మసూర్ ఫొటో లేదు, అయినా రాసినాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ దప్పిక మరిచిపోలేదు గనక రాయగలిగినాడు.