గోడ కూడా ఫోటోలో పడాలి

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. కిన్నెరసాని గోదావరిలో కలిసేది బూర్గంపాడు దగ్గరే. పెద్దనది పోటెత్తితే చిన్నదాని నీళ్లు వెనక్కి తన్నుతాయి. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరదను కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్న ప్రాంతమిది. ఉన్నపళంగా ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బియ్యం, పాస్‌పుస్తకం గుర్తొచ్చినంత త్వరగా ఆల్బమ్ గుర్తుకు రాదు.

అందుకే ఇక్కడ కుటుంబం ఫోటో తీసేవాళ్లు ముఖాలతో సరిపెట్టుకోకూడదు. ఫోన్‌లోని పోర్ట్రెయిట్ మోడ్ వెనకున్నదంతా మసకబారుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ వరద ముందు పట్టుకుపోయేది ఆ వెనకున్నదాన్నే: మట్టిగోడ, పెంకుల చూరు, గడప, వాకిట్లో వేపచెట్టు.

మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ పుస్తకం వేశాడు. ఆయన కెమెరా పట్టింది ఎవరి ఆల్బమ్ కోసమూ కాదు. అయినా మనుషుల్ని వాళ్ల ఇళ్ల దగ్గర, పనిపాటల మధ్య చూపించే ఆ పద్ధతి ఇంటి ఫోటోకూ పనికొస్తుంది. నాయనమ్మను కుర్చీలో బిగదీసి కూర్చోబెట్టేకంటే చేట చెరుగుతుండగా తీయడం మేలు. వేసవిలో తునికాకు కట్టలు కట్టే చేతుల్ని విడిగా, దగ్గర నుంచి మరొకటి తీయొచ్చు.

ఇక వెలుగు సంగతి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట నిలబెడితే కళ్లగుంటల్లో నల్లటి నీడ పడుతుంది. అదే మనిషిని పంచలో చూరునీడ అంచున కూర్చోబెట్టి ముఖం వాకిలివైపు తిప్పితే, నేల మీద పడిన ఎండ కింది నుంచి మెత్తగా ముఖానికి తగులుతుంది. స్టూడియోలో గొడుగులు పెట్టి చేసే పని వాకిలి ఉచితంగా చేసిపెడుతుంది!

గ్రూపు ఫోటోకు ఫోన్ వెడల్పు లెన్స్ వాడితే అంచున నిలబడ్డ మేనమామ సాగిపోతాడు. నాలుగడుగులు వెనక్కి జరిగి, మామూలు లెన్స్‌తో తీయాలి. పిల్లలైతే మోకాళ్ల మీద కూర్చుని, వాళ్ల కళ్ల ఎత్తులో. శ్రీరామనవమికి ఏరు దాటి భద్రాచలం వెళ్లినవాళ్లు గోపురం మొదట్లో నిలబడి చీమల్లా కనిపిస్తుంటారు. గోపురానికి దూరంగా, కెమెరాకు దగ్గరగా నిలబడితే రెండూ పడతాయి.

ఆగ్ఫా క్లిక్-3 రోజుల్లో రీలుకు 12 ఫోటోలే. నొక్కేముందు ఆలోచించక తప్పేది కాదు. ఇప్పుడు ఒక్క పుట్టినరోజుకే మూడొందలు పోగుపడతాయి. అందులో పది ఏరి ప్రింటు వేయించడమే అసలు పని, ఎవరూ చేయని పని కూడా. బంధువులకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు, ఊరి బయట ఒక కాపీ ఉన్నట్టూ అవుతుంది.

పాత కాగితపు ప్రింటు వెనక, అంచున, మెత్తటి పెన్సిల్‌తో పేరు, వరస, ఊరు, తేదీ రాయాలి. బాల్‌పెన్ ఒత్తు ముందువైపుకు తేలుతుంది. ఇప్పటి నున్నటి ప్రింట్లకు పెన్సిల్ పట్టదు, చీటీ మీద రాసి వెనక పెట్టాలి.

ఆల్బమ్ తడిస్తే ఫోటోలు అతుక్కుని ఎండిపోకముందే విడదీయాలి. బొమ్మ మీద వేలు పెట్టకుండా మంచినీళ్లలో జాడించి, బొమ్మ పైకి ఉండేలా నీడలో పరవాలి. రంగు కారిపోయిన ఫోటోను కూడా పారేయకుండా తిప్పి చూడాలి. సిరా కరిగినంత తేలిగ్గా పెన్సిల్ రాత కరగదు.